పీరయ్య చెప్పని అంకె

రియాద్ శివారు సులైలో మా గదిలో ఉండే పీరయ్యది సిరిసిల్ల. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డులో రాసి ఉన్నది కూలీ అని. చేసేది మాత్రం రియాద్‌లో ఒక ఆసుపత్రివారు క్యాన్సర్ రోగుల కోసం తెప్పించిన కిరణాల యంత్రం దగ్గర పని. దుర్బీనులో చూస్తూ దాని అయస్కాంతాలను ఒకే వరసలో నిలబెట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కిరణం దారి తప్పుతుంది.

అందుకే ఇద్దరు విడివిడిగా చూడాలి. ఒకడి అంకె ఇంకొకడికి తెలియకూడదు. ఇద్దరివీ కలిస్తేనే ఇంజనీరు ఒప్పుకుంటాడు.

పీరయ్య కళ్లలో పొరలు కమ్ముతున్నాయి. స్థానికులనే పెట్టుకోవాలన్న నితాఖత్ ఒకవైపు, పరాయి మనిషికింత అని లెవీ ఇంకోవైపు. ఎవరిని పంపుదామా అని కంపెనీ సాకులు వెతుకుతోంది. కళ్ల సంగతి బయటపడితే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపడం ఖాయం. అతని జోడీ మహబూబ్ మనసున్నవాడు. ముందు తను చూసి, పక్కకు జరుగుతూ అంకెను గొణిగేవాడు. పీరయ్య అదే పైకి చెప్పేవాడు. ఇక కలవక చస్తాయా!

పని ముగింపుకొచ్చిన రోజు ఆ గదిలోకి రోగిని పడుకోబెట్టే మంచం తెచ్చారు. చిన్నది, పిల్లలది. దుర్బీనులో గీత కనపడని కళ్లకు ఆ మంచం బాగానే కనపడింది.

మహబూబ్ ఎప్పటిలాగే గొణిగాడు. పీరయ్య పలకలేదు. "క్యా హువా?" అన్నాడు ఇంజనీరు ఇర్ఫాన్.

"సాబ్, నజర్ నహీ ఆతా. కండ్లు కనవడక చాలా రోజులాయె."

మహబూబ్ అదిరిపడ్డాడు. "నేను చెప్పిన గదనే!"

"నువ్వు చెప్పినవ్. నేను సూడలే."

ఇర్ఫాన్ స్వయంగా చూశాడు. మహబూబ్ అంకెతో కలవలేదు. మళ్లీ మళ్లీ చూశాడు. పొరపాటు మహబూబ్‌ది. ఆ అయస్కాంతాన్ని సరిచేశారు, వెనకటివన్నీ మళ్లీ చూశారు. కళ్లు బాగున్న మహబూబ్ చివాట్లు తిని మిగిలాడు, పీరయ్యకు ఎగ్జిట్ పడింది.

నాకు ఒళ్లు మండింది. "నోరు మూసుకొని ఉండకపోయినవా అన్నా?" అన్నాను.

"ఇన్నొద్దులు మూస్కునే ఉంటి. ఆ మంచంల పండే పోరన్ని ఎవలు సూడాలె?"

ఇప్పుడు మహబూబ్ కొత్త జోడీ పక్కన దుర్బీను వదిలి జరిగేటప్పుడు పెదవులు బిగించుకుంటాడట. ఆ మాట సిరిసిల్లకు ఫోన్ చేసి చెబితే పీరయ్య నవ్వుతాడనుకున్నాను.

"మంచిగైంది" అన్నాడు. "కండ్లతోని అక్కర లేని పనేమన్న ఉంటే సూడు తమ్మీ."