ఆరనిపొయ్యి ముందు ఝాన్సీలక్ష్మి

రాయగడలో ఏ కిరాణా కొట్టు గుమ్మం తొక్కినా ఝాన్సీలక్ష్మి కనబడుతుంది. కారం పొట్లం మీద, ధనియాల పొడి మీద, సాంబారు పొడి మీద, మట్టిపొయ్యి ముందు పీటేసుకుని ఊదుగొట్టంతో నిప్పు ఊదుతున్న ఆడమనిషి బొమ్మ ఆవిడదే. ముప్ఫయ్యారేళ్ళప్పుడు తీసిన ఫోటో అది. ఇప్పుడు యాభై రెండు. పొట్లం మీది మనిషికి ఒక్క వెంట్రుక నెరవలేదు, అసలు మనిషికి మాత్రం మోకాళ్ళ నొప్పులు వచ్చి కూర్చున్నాయి. బొమ్మ కింద తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో ఒకటే మాట: 'ఆరనిపొయ్యి. అరవై ఏళ్ళుగా ఒకే నిప్పు.'

ఆ ఒక్క మాట కోసం ఒక ఆడది ఎన్నేళ్ళు ఇల్లు కదలకుండా కూర్చుందో మాత్రం రాయలేదు. రాస్తే ఎవరు కొంటారు చెప్పండి!

కథ ఆవిడ అత్తగారు సింహాచలమ్మ దగ్గర మొదలైంది. పార్వతీపురం నుంచి మొగుడి వెంట కొత్తగా వచ్చి, రాయగడలో చిన్న పచారీ కొట్టు పెట్టుకున్న రోజులవి. ఓ వానాకాలంలో తొమ్మిది రోజులు వాన విడవలేదు. వీధిలో అగ్గిపెట్టెలన్నీ నెమ్మెక్కి ఒక్క పుల్ల వెలగలేదు. సింహాచలమ్మ పొయ్యిలో మాత్రం పిడక కింద నివురు కప్పిన నిప్పు ఉంది. వీధి వీధంతా చిప్పలు పట్టుకుని వచ్చింది. మనవాళ్ళనలేదు, ఒడియా వాళ్ళనలేదు, కొండ దిగి వచ్చినవాళ్ళనలేదు, అడిగినవాళ్ళందరికీ ఆవిడ నిప్పు పెట్టింది. వాన వెలిశాక ఆ వీధి మరో కొట్టు మొహం చూడలేదు. ఇంతవరకూ ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆ నిజాన్ని పొట్లం కట్టినవాడు ఆవిడ చిన్నకొడుకు శ్రీహరి. 'కారం అందరూ అమ్ముతారు, మా అమ్మ నిప్పు ఎవరి దగ్గరుంది?' అన్నాడు. బుర్రున్నవాడు. పదహారేళ్ళలో ఆరనిపొయ్యి గుణుపురం దాటింది, కొరాపుట్ దాటింది, విజయనగరం దాకా వెళ్ళింది. కొత్తకాపురం పెట్టిన పిల్ల మొదటి వంటకి ఆ పొట్లమే విప్పాలని జనం దానికో ఆనవాయితీ కూడా తగిలించేశారు.

పొడులు కొట్టే వాళ్ళ మిల్లులో వేపుళ్ళన్నీ గ్యాసు మీదే. కానీ ప్రతి శుక్రవారం పొద్దున్న ఇంటి పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక మట్టి మూకుడులో పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని ఝాన్సీలక్ష్మి మిల్లుకు నడవాలి. ఆ నిప్పు పోయి పోయి యంత్రం ముందు సాంబ్రాణి గిన్నెలో పడుతుంది. అంతే దాని పని. చూడ్డానికి వ్యాపారులొస్తారు, బడిపిల్లలొస్తారు, ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసేవాళ్ళొస్తారు. అదిగాక రోజూ ఆవిడ పొద్దువాలేసరికి నిప్పు మీద పిడక పెట్టి నివురు కప్పాలి, తెల్లవారగానే విప్పాలి. పెళ్ళయి ఇంట్లో కాలుపెట్టిన మర్నాడు అత్తగారు చేతిలో పెట్టిన ఊదుగొట్టం ముప్ఫయ్యొక్క ఏళ్ళయినా చేతిలోంచి దిగలేదు.

పుట్టిల్లు గుణుపురం. బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకోవచ్చు. ఆ ఊళ్ళో ఆవిడ ఒక రాత్రి నిద్రచేసి పదకొండేళ్ళయింది. తల్లి పోయినప్పుడు కూడా శవం లేవగానే బస్సెక్కి, పొద్దువాలే వేళకి పొయ్యి ముందుకొచ్చి పడింది.

ఎందుకంత భయం అంటే, అదొక ముల్లు. పదకొండేళ్ళ కిందట కూతురు లహరి పురిటికి కొరాపుట్ ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఉండిపోయింది. నిప్పు చూడమని మొగుడు రమణమూర్తికి ఒప్పజెప్పింది. మర్నాడు వచ్చి పిడక తీసి చూస్తే ఏముంది, చల్లటి బూడిద! ఒళ్ళు జల్లుమంది. వంటింటి తలుపు గడియ పెట్టి, అగ్గిపుల్ల గీసి అంటించేసింది. ఎవరికీ చెప్పలేదు. వారం తిరక్కుండా రమణమూర్తి గుండె పట్టుకుని కూలబడ్డాడు. విశాఖపట్నం తీసుకెళ్ళి గుండెలో స్టెంటు వేయించుకొచ్చారు. డాక్టరు సిగరెట్లన్నాడు, కొవ్వన్నాడు. ఝాన్సీలక్ష్మి మనసు మాత్రం ఆ చల్లటి బూడిద దగ్గరే ఆగిపోయింది. అందరికీ ఆ పొయ్యి బ్రాండు, ఆవిడకి మొగుడి గుండె.

ఇదిలా ఉండగా ఓ సోమవారం చెల్లెలు బుల్లి ఫోను చేసింది. బుల్లి గుణుపురంలో కుట్టుమిషను పెట్టుకుని ఒంటరిగా బతుకుతున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు.

"అక్కా, గర్బసంచిలో గెడ్డన్నారు. శనివారం కొరాపుట్‌లో ఆపరేసను. తోడు మనిషి నేకపోతే సేర్చుకోరట. శుక్రవారం పొద్దున్నే రాయగడ టేసనుకి వస్తాను. ఓ పది రోజులు రాగలవేటి?"

"వస్తానే," అంది ఝాన్సీలక్ష్మి.

ఆ సాయంత్రం మరిదికి చెప్పింది. శ్రీహరి చెడ్డవాడైతే ఈ కథ సుళువుగా తెగిపోయేది. వదిన మోకాళ్ళకి నూనె వెతికి తెచ్చేదీ అతనే, పండగకి మొదటి చీర పెట్టేదీ అతనే.

"అయ్యో, బుల్లికా!" అని నిజంగానే బాధపడ్డాడు. "కానీ వదినా, ఈ శుక్రవారమే హైదరాబాదు కంపెనీ వాళ్ళు వస్తన్నారు. మన పొట్లం దేశమంతా అమ్ముతారట. నిప్పు తీసుకెళ్ళడం కేమెరాతో తీస్తారు. ఆ రోజు నువ్వు నేకపోతే ఎలాగ సెప్పు? బుల్లికి మంచి నర్సమ్మని పెడదాం, ఖర్చంతా నాది."

"దానికి నర్సమ్మ కాదు బాబూ, అక్క కావాల."

"శుక్రవారం కానిచ్చేసి శనివారం ఎల్లు."

"శుక్రవారమే సేర్చుకుంటారు. తోడుంటేనే."

రమణమూర్తి పేపరు మడిచి, "ఆడు సెప్పిందీ నిజమే కదే," అన్నాడు. "అయినా పది రోజులు నిప్పెవరు సూస్తారు? నా చేతకాదని నీకూ తెలుసు."

ఆ చివరి మాటకి ఆవిడ కళ్ళ ముందు చల్లటి బూడిద మెదిలింది. ఎవరూ వద్దనలేదు, తిట్టలేదు. తిడితే తిరిగి రెండు అనొచ్చు. ఇంత మంచి మాటల మధ్య నుంచి బయటికి దారెక్కడుంది? మూడు రోజులు ఆవిడకి అన్నం సయించలేదు. బుల్లి మళ్ళీ ఫోను చేస్తే ఎత్తడానికి భయపడి, మోగినంతసేపూ దాన్ని చూస్తూ నిలబడింది.

గురువారం మధ్యాహ్నం అత్తగారి కాళ్ళకి నూనె రాస్తుంటే దుఃఖం ఆగలేదు. సింహాచలమ్మకి ఎనభై రెండేళ్ళు. మంచం దిగలేదు గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

"ఏటే, కాలు తడిసిపోతంది," అంది ముసలమ్మ.

ఝాన్సీలక్ష్మి కక్కేసింది. లహరి పురుడు, చల్లటి బూడిద, గడియ పెట్టిన తలుపు, అగ్గిపుల్ల, వారం తిరక్కుండా మొగుడి గుండె. "నా వల్లే అత్తా! నీ నిప్పు నేనే పోగొట్టినాను. ఇప్పుడు బుల్లి కోసం ఎల్తే మళ్ళీ ఎవరికేటవుతాదో!"

సింహాచలమ్మ బోసినోటితో కిసుక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది.

"ఓసి నీ మొకం ఈడ్సా! పదకొండేళ్ళ నుంచి ఇదా కడుపులో ఎట్టుకున్నావు? నా చేతిలో వారానికోపాలి ఆరిపోయీది ఆ పొయ్యి."

"ఏటీ?"

"ఆరిపోతే అగ్గిపెట్టి నేదేటి? గీసి అంటించీదాన్ని. ఆ వానల్లో ఉన్నాది కాబట్టి ఇచ్చినాను. నేకపోతే నేనూ చిప్పట్టుకుని పక్కింటికెల్దును. నిప్పు ఉంచుకోడం గొప్పేటే? అడిగినోలికి నేదనకుండా ఇచ్చినాను, అదీ నేను సేసింది."

ఝాన్సీలక్ష్మికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయిన రోజు పుట్టింట్లో ఉండలేక బస్సెక్కడం గుర్తొచ్చింది. "మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్దామనుకునీసరికి ఆ గుంటడు పొట్లం మీద అచ్చేయించీసేడు. కొడుకు మాట అబద్దమని తల్లి సెప్తాదేటి?" అని ముసలమ్మ గోడవైపు తిరిగింది. గోడతోనే చెప్తున్నట్టు, "అమ్మి, బుల్లి అడిగింది కదా, ఎల్లు," అంది.

శుక్రవారం పొద్దున్న పట్టుచీర కట్టలేదు ఝాన్సీలక్ష్మి. మామూలు నేతచీర కట్టి, సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుంది. శ్రీహరి పూలదండలతో హడావిడిగా వచ్చి సంచీ చూసి ఆగిపోయాడు.

"బాబూ, ఆ నిప్పు అరవై ఏళ్ళది కాదు. అత్తే సెప్పింది. నా చేతిలోనూ ఆరిపోనాది."

శ్రీహరి దండ బల్ల మీద పెట్టాడు. "నాకు తెలుసొదినా."

"తెలుసా?"

"వంటింట్లో అగ్గిపుల్లలు సిన్నప్పటి నుంచీ ఏరుతున్నాను. నిప్పుదేముంది! నువ్వు అక్కడ కూర్చుంటావు చూడు, ఏ రోజు సూసినా కూర్చునే ఉంటావు. జనం కొనీది అది. ఇలాంటి ఆడమనిషి ఇంకా ఒక ఇంట్లో ఉన్నాదని నమ్మి కొంటారు. నిన్ను సూసే నేనూ నమ్మేను."

పొగుడుతున్నాననే అనుకున్నాడు పాపం. ఆవిడకి మాత్రం పీట మీద తను కాకుండా ఆ పొట్లం మీది బొమ్మే ముప్ఫయ్యొక్క ఏళ్ళు కూర్చున్నట్టు అనిపించింది. నిప్పు ఆరినా ఆరకపోయినా ఎవరికీ పట్టలేదన్నమాట. తను లేవకుండా ఉంటే చాలు.

ఊదుగొట్టం తెచ్చి మరిది చేతిలో పెట్టింది.

"అయితే నువ్వు కూర్చో."

"నేనా? వదినా, వాళ్ళు పదింటికి..."

"పీట అక్కడే ఉంది. కాళ్ళు పట్టేస్తాయి, నూనె నీకు తెలిసిందే కదా," అని సంచీ అందుకుంది. రమణమూర్తి గుమ్మంలో నిలబడి ఏదో అనబోయాడు. "మందులు అలమారలో ఉన్నాయి. సిగరెట్టు ముట్టుకుంటే మాత్రం సూడు," అని ఆటో ఎక్కేసింది.

రైలు కదిలాక బుల్లి అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది. కకిరిగుమ్మలో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం కొట్టులో దండలు కట్టినట్టు వేలాడుతున్న పొట్లాల మీద నుంచి ఝాన్సీలక్ష్మిని ఝాన్సీలక్ష్మి చూసింది. చటుక్కున కిటికీ రేకు దించేసింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజున పల్చటి గంజి పట్టమన్నారు. ఆసుపత్రి వెనక రోగుల బంధువులు వండుకునే చోట మూడిటికలు పేర్చి, బయట కొన్న అగ్గిపెట్టె విప్పింది. మొదటి పుల్ల విరిగింది. రెండోది అంటుకుంది. పక్క పొయ్యి దగ్గరున్న కొండ మనిషి చిప్ప చాపి నిప్పడిగితే రెండు కణికలు తీసి పెట్టింది.

గంజి ఉడికి, దించబోతుండగా శ్రీహరి ఫోను.

"వదినా! బుల్లికెలాగుంది? మంచిది, మంచిది. ఇక్కడ అంతా బెమ్మాండం! నువ్వెక్కడని అడిగితే ఏం సెప్పాలో తోచక, చెల్లెలికి జబ్బు చేస్తే మన పొయ్యిలో నిప్పు పిడతలో పట్టుకుని కొరాపుట్ రైలెక్కిందని సెప్పేను. వాళ్ళలో ఒకాయనకి కళ్ళనీళ్ళు తిరిగిపోయేయి! ఒప్పందం ఖాయం."

"రైల్లోకి నిప్పెక్కనిస్తారేటి, శ్రీహరీ?"

"అదెవరడుగుతారు! ఒక్క సాయం సెయ్యి. ఆ నిప్పు మీద బుల్లికి గంజి కాస్తన్నట్టు ఓ ఫోటో పంపు. మొకం కనబడక్కర్లేదు, చెయ్యి చాలు. పొట్లం వెనక వేస్తారట."

ఝాన్సీలక్ష్మి చుట్టూ చూసింది. ఇక్కడిదాకా వచ్చేసినా, మెడకి కట్టిన తాడు ఇక్కడిదాకా పొడుగ్గానే ఉంది. ఇక ఏ ఊరెళ్ళినా, ఏ పొయ్యి ముందు కూర్చున్నా అంతే. ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే కోపమూ వచ్చింది.

గిన్నె దించి పక్కన పెట్టింది. చెంబెత్తి, చెంబెడు నీళ్ళూ పొయ్యిలో కుమ్మరించింది. చుయ్యిమని పొగ లేచి మొహం మీదికి వచ్చింది. పెళ్ళయిన తర్వాత తన చేత్తో ఒక పొయ్యి ఆర్పడం అదే మొదటిసారి.

"ఏటా చప్పుడు? వదినా? వదినా!"

"ఆరిపోనాది, శ్రీహరీ. నేనే ఆర్పేసినాను," అంది. ఫోను సంచీలో పడేసి, గంజి చల్లారకుండా మూతపెట్టుకుని చెల్లెలి దగ్గరికి నడిచింది.