మూత మీది మొక్కజొన్న పొత్తు

నా చిన్నప్పుడు శనివారం పొద్దున మా ఇంటి కిటికీ మూసి ఉండేది కాదు. చలికాలమైనా, వీధిలో దుమ్ము లేస్తున్నా మా తాతయ్య స్వయంగా వచ్చి రెండు రెక్కలూ బార్లా తెరిచి, ఆ తరవాతే కుంపటి దగ్గర కూర్చునేవారు. శనివారం మా ఇంట్లో కాఫీ గింజలు వేయించే రోజు. ఆ వాసన వఠారంలో ఉన్న ఆరిళ్ళకూ తెలియాలి. తెలియాలని ఆయన నోటితో ఎన్నడూ అనలేదు. కిటికీ తెరిచేవారు, అంతే.

మా వంశం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. మా ముత్తాతగారికి చిక్కమగళూరు కొండల్లో కాఫీ తోట ఉండేది. బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, బంగళా ఉండేది. కోర్టు వ్యాజ్యాలలో రెండూ పోయాయి. నాకు ఊహ తెలిసేనాటికి మాకు మిగిలినవి బెంగళూరు శివారు కె.ఆర్.పురంలో ఒక వఠారంలో అద్దెకున్న రెండు గదులు, తాతయ్య నల్లకోటు, ఒక వెండి గ్లాసు, ఆ కాఫీ వేయించే గిన్నె. మా నాన్న ఉద్యోగం వేరే ఊళ్ళో కాబట్టి చదువు కోసం నన్ను తాతయ్య, అవ్వల దగ్గర ఉంచారు. జాలిపడతారని ఇదంతా చెప్పడం లేదు. మా ఇంట్లో ఎవరూ జాలి కోరుకోలేదు. ఎవరైనా చూపిస్తే పుచ్చుకోనూ లేదు.

ఆ గిన్నె సంగతి చెప్పాలి. మందపాటి ఇనుప గిన్నె, దానికి బరువైన మూత. మూత మధ్యలోంచి ఒక కడ్డీ లోపలికి దిగుతుంది. కడ్డీ చివర రెండు రేకులు గిన్నె అడుగును ఒరుసుకుంటూ ఉంటాయి. పైన కొయ్యపిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే లోపలి గింజలు మాడకుండా సమానంగా వేగుతాయి. ముత్తాతగారు ఎవరో తెల్లదొర దగ్గర కొన్నారట. మూత మీద ఉబ్బెత్తుగా రెండు బొమ్మలుండేవి. ఒకటి కాయలున్న కాఫీ రెమ్మ. రెండోది మొగలిపొత్తు అని మా ఇంట్లో అందరూ అనేవారు. చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు మసికి, తోముడుకి అరిగిపోయాయి. పిడి తిప్పే పని నాది. తొమ్మిదేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద పదవి లేదని నేను అనుకునేదాన్ని.

అయితే ఆ ఏడు గింజలు తగ్గుతూ వచ్చాయి. మొదట్లో గిన్నెలో సగానికి సగం శనగలు పడ్డాయి. తరవాత రాగులు పడ్డాయి. చివరికి గుప్పెడు కాఫీ గింజలు పైన చల్లి, మిగతాదంతా రాగులూ శనగలూ వేసి నల్లగా వేయించేవాళ్ళం. అవ్వ వాటిని దంచి కషాయం తీసేది. తాతయ్య దాన్ని కాఫీ అనే పిలిచి, వెండి గ్లాసులోనే తాగేవారు. బయట చెప్పకూడదని నాకెవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసింది.

మా గోడకి ఆనుకుని ఉన్న ఇంట్లో పక్కింటి అక్క ఉండేది. కోలారు వైపు మనిషి. భర్త రైల్వే స్టేషన్‌లో మూటలు మోసేవాడు. ఆమె బెంగళూరులోని ఒక కాఫీ గోడౌన్‌లో గింజలు ఏరే పనికి వెళ్ళేది. పొద్దున్నించి సాయంత్రం దాకా నేల మీద కూర్చుని నల్లగింజ, పుచ్చుగింజ తీసి పక్కన పెట్టడం ఆమె పని. శనివారం గిన్నె దించాక నేను చెంబు పట్టుకుని కొళాయి దగ్గరికి వెళితే, నలుగురూ వినేలా అనేది: "ఈ పొద్దు గింజ బాగా వేగిందప్పా. మా గోడౌన్ అంతా తిరిగినా ఈ వాసన రాదు." నేను తల ఎత్తుకుని చెంబు నింపుకునేదాన్ని.

ఒక వారం తాతయ్యకి కార్డు వచ్చింది. మా తోటలో గుమాస్తాగా పనిచేసిన పెద్దాయన ఏదో పని మీద బెంగళూరు వస్తున్నారట. శనివారం పదకొండు గంటల బస్సులో వచ్చి, అయ్యగారి చేతి కాఫీ ఒక్క గ్లాసు తాగి వెళతానని రాశారు. తాతయ్య ఆ కార్డు రెండు సార్లు చదివి కోటు జేబులో పెట్టుకున్నారు. నేను మాత్రం ఊరుకోలేదు. ఆ సాయంత్రమే కొళాయి దగ్గర అందరికీ చెప్పేశాను. మా తోట గుమాస్తా మా కాఫీ తాగడానికి అంత దూరం నుంచి వస్తున్నాడని, అలాంటి కాఫీ ఇంకెక్కడా దొరకదని గొప్పలు పోయాను. పక్కింటి అక్క బిందె కింద బట్ట సర్దుకుంటూ అంతా వింది.

శనివారం పొద్దున అవ్వ డబ్బా తెరిచి చూస్తే ఒక్క కాఫీ గింజ కూడా లేదు. నెలాఖరు. పక్కింట్లో రెండు చెంచాల పొడి అడిగి తెస్తానని అవ్వ మెల్లగా అంది. తాతయ్య ఆమె వైపు ఒకసారి చూశారు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. జీవితమంతా కాఫీ మధ్య బతికిన మనిషికి రాగుల కషాయం ఎలా ఇస్తారు? మొదటి గుక్కకే ఆయనకి మా ఇల్లంతా తెలిసిపోతుంది. అయినా వేరే దారి లేక అవ్వ రాగులూ శనగలూ గిన్నెలో పోసింది. నేను పీట మీద కూర్చుని తిప్పడం మొదలుపెట్టాను. ఆ రోజు తాతయ్య కిటికీ తెరవలేదు. కోటు తొడుక్కుని, గోడకి వీపు ఆనకుండా కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

అప్పుడు గుమ్మంలో పక్కింటి అక్క కనిపించింది. చేతిలో చేట, చేటలో ఎండిన మొక్కజొన్న గింజలు.

"పెద్దయ్యా, మీ తిప్పుడు గిన్నె ఒక్క తూరి ఇస్తారా? పిల్లోళ్ళు పేలాలు కావాలని పొద్దున్నించి ప్రాణం తీస్తా ఉండారు."

తాతయ్య నోరు తెరిచేలోపలే నేను జవాబు చెప్పాను. ఇది కాఫీ గిన్నె అని, ముసుకుజొన్నలు కావాలంటే బాండ్లీలో వేయించుకోమని అన్నాను. మా వైపు మొక్కజొన్నని ముసుకుజొన్న అంటారు. ఆ మాటని ఎంత చులకనగా పలికానో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అక్క నొచ్చుకోలేదు. చేట కింద పెట్టి, వంగి మూత మీద వేలు పెట్టింది. "గిన్నెకి లేని పట్టింపు నీకేల పాపా? మూత మీద ఉండేదే ముసుకుజొన్న పొత్తు కదా."

అది మొగలిపొత్తు అన్నాను. తాతయ్య లేచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, మూత మీదికి వంగారు. ఒలిచిన ఆకులు, మధ్యలో వరసగా పేర్చినట్టున్న గింజలు. ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం కళ్ళెదుట ఉన్న బొమ్మే. ఆయన చాలాసేపు చూశారు.

"మొక్కజొన్నే" అన్నారు.

నాకు ఉక్రోషం వచ్చింది. అప్పుడే ఇంకో విషయం కూడా గుర్తొచ్చింది. "మీ పిల్లలు నిన్ననే కోలారు వెళ్ళారు కదా. మరి ప్రాణం తీస్తున్నది ఎవరు?" అని అడిగేశాను.

ఎప్పుడూ మాటకి తడుముకోని అక్క ఆ ఒక్కసారి తడుముకుంది. తాతయ్య అక్క వంకా, ఆ చేట వంకా చూశారు. ఆమె ఎందుకు వచ్చిందో ఆయనకి ఆ క్షణంలోనే అర్థమై ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను.

"పిల్లలు ఊళ్ళో లేకపోతే తల్లి పేలాలు వేయించుకోకూడదా? లేచి ఆమెకి పీట ఇవ్వు" అన్నారు.

నేను లేచాను. అవ్వ రాగులని పక్కకి వంపేసింది. అక్క గిన్నెలో రెండు చుక్కల నూనె వేసి, గింజలు పోసి మూత పెట్టింది. పిడి మాత్రం నా చేతికే ఇచ్చింది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక్కటి టప్పుమంది. ఆ తరవాత గిన్నె లోపల వడగళ్ళ వాన పడినట్టయింది. మూత ఎగిరెగిరి పడుతుంటే పిడి నా చేతుల్లో వణికింది. నాకు నవ్వు ఆగలేదు. ఆ చప్పుడుకి వఠారంలోని పిల్లలందరూ మా కిటికీ కింద చేరారు. తాతయ్య లేచి వెళ్ళి రెక్కలు రెండూ బార్లా తెరిచారు.

పేలాలు చేటలోకి వంపాక అక్క కొంగు ముడి విప్పింది. అందులో పచ్చి కాఫీ గింజలు, పెద్ద గుప్పెడు. అన్నీ విరిగిన గింజలే. పండగకి గోడౌన్‌వాళ్ళు పనివాళ్ళకి పంచేవి. వాళ్ళ ఇంట్లో ఏడాదంతా బెల్లం కాఫీ వాటితోనే.

"ఇనుముకి జొన్న వాసన పట్టేస్తాది పెద్దయ్యా. మీ గిన్నె చెడిపి ఉట్టి చేతులతో పోతే నాకు మంచిది కాదు. ఈ నాలుగు గింజలు వేయించి ఆ వాసన తీసేయండి."

తాతయ్య వద్దంటారేమోనని అవ్వ ఆయన వైపే చూసింది. చివరికి ఆయన తల ఊపి, "గిన్నె శుభ్రం చెయ్యడం న్యాయమే" అన్నారు. అవ్వ మొహం అటు తిప్పుకుంది. నేను మళ్ళీ పిడి పట్టుకున్నాను. కొన్ని నిమిషాలకి గింజలు చిటపటలాడాయి, కాస్త ఆగి మళ్ళీ చిటపటలాడాయి. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో అప్పుడు గాని నాకు తెలియలేదు.

పదకొండు దాటాక గుమాస్తాగారు వచ్చారు. అవ్వ వెండి గ్లాసులో కాఫీ, పళ్ళెంలో పేలాలు తెచ్చి పెట్టింది. పక్కింటి అక్క చేట తీసుకుని వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఉంది. ఆయన ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని నాలుక మీద ఆడించి, "ఇది మన తోట గింజ కాదు అయ్యగారూ" అన్నారు.

తాతయ్య మరింత నిటారుగా కూర్చున్నారు.

"కాదు. మా పక్కింటివారి గింజ" అన్నారు. గుమ్మం వైపు చెయ్యి చూపించారు.

అంతవరకు ఆయన ఆమెని 'వారు' అనడం నేను వినలేదు. ఒకరి దగ్గర ఒక వస్తువు తీసుకున్నామని ఇంకొకరి ముందు చెప్పడం అసలే వినలేదు. గుమాస్తాగారు అక్క వైపు తిరిగి చేతులు జోడించి, గింజ మంచిదన్నారు. ఇంకో అరగ్లాసు అడిగి పోయించుకున్నారు. నోట్లో మిగిలిన పళ్ళతో పేలాలు ఒక్కొక్కటే నమిలి పళ్ళెం ఖాళీ చేశారు.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను మందలించలేదు. గిన్నె బాగా తోమించి, నా చేతికిచ్చి, "ఆమెకి కావలసినన్నాళ్ళు ఉంచుకోమను. నువ్వే ఇచ్చి రా" అన్నారు. మరుసటి వారం నుంచి అక్క పిల్లలు మా గదిలో తాతయ్య ముందు కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దారు. రాగులు మళ్ళీ ఎప్పుడూ నల్లగా వేగలేదు. సంకటి అయ్యాయి.

చాలా ఏళ్ళ తరవాత, అక్క జుట్టు నెరిశాక ఒకసారి అడిగాను, మా ఇంట్లో గింజలు లేవని నీకెలా తెలిసిందని. ఆమె నవ్వింది. "కాఫీ గింజ రెండు తూర్లు పేలతాది పాపా. రాగులు పేలినా ఆ చప్పుడు వేరే. గోడకి ఇవతల ఉండేదాన్ని, నాకు తెలీదా?" అంది. మరి కొళాయి దగ్గర ప్రతి శనివారం మా గింజని ఎందుకు పొగిడేదానివని మాత్రం నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది.

ఇప్పుడు బెంగళూరులోనే మహదేవపురలో ఐదో అంతస్తులో ఉంటున్నాను. గిన్నె నా దగ్గరే ఉంది. పిడి ఒకసారి మార్పించాను. ఎదురింట్లో కర్నూలు అమ్మాయి ఒంటరిగా ఉంటుంది. కంప్యూటర్ ఉద్యోగం. ఈమధ్య రెండు వారాలుగా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్ళడం మానేసింది. తలుపు తీయడమే తగ్గించింది. ఉద్యోగం పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. పలకరిస్తే ఇంటి నుంచే పని అంటుంది, మెడ వంచకుండా. ఆ మెడ నాకు బాగా తెలుసు.

మొన్న శనివారం వెళ్ళి ఆమె బెల్ కొట్టాను. ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగడం నాకు ఈ వయసులోనూ సులువు కాదు. మణికట్టు నొప్పిగా ఉందని, కాఫీ గింజలు వేయించాలని, కాస్త వచ్చి పిడి తిప్పి పెడతావా అమ్మా అని అడిగాను. వచ్చింది. ముందు మొక్కజొన్నలు పోశాం. మూత ఎగిరి పడుతుంటే పిల్ల నవ్వింది. తరవాత కాఫీ వేయించాం. మధ్యాహ్నం దాకా కూర్చుని, నాతోపాటే భోంచేసి వెళ్ళింది. వెళుతూ, ఈ శనివారం కూడా తనే వచ్చి తిప్పుతానని, నన్ను చెయ్యి కదపవద్దని గట్టిగా చెప్పింది.

అలాగే అన్నాను. నా మణికట్టుకి ఏ నొప్పీ లేదు.