దక్షిణపు వాకిలి ఇంట్లో తోడుకున్న పెరుగు

1938వ సంవత్సరం. వేసవి ముగిసి బళ్ళు తెరవబోతున్న రోజులు. నేను చిక్కబళ్ళాపురం పురసభలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. మురికి కాలువలు, బావులు, దొడ్లు, సంతలో అమ్మే తినుబండారాలు అన్నీ నా తనిఖీ కిందికి వచ్చేవి. ఊళ్ళో నన్ను కాలువల ఇన్‌స్పెక్టరు అనేవాళ్ళు. వెక్కిరింపుగానే అనేవాళ్ళు, అయినా నాకు ఆ పేరు నచ్చేది. మనిషి ఆయుర్దాయం అరచేతి గీతల్లో కంటే కాలువ వాలులో ఎక్కువగా ఉంటుందని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఆ కాలంలో కొత్తగా ఊరికి కాపురం వచ్చేవాళ్ళు ఇల్లు చూసుకోవాలంటే పురోహితుడి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. వాకిలి ఏ దిక్కున ఉంది, వీధి పోటు ఉందా, గృహప్రవేశానికి ఏ నక్షత్రం మంచిది అని ఆయన్ను అడిగేవాళ్ళు. నా దగ్గరికి రావడం ఇంట్లో అందరూ జ్వరంతో పడుకున్నాకే. ఈ వరసను తిరగేసిన మొదటి మనిషి నారాయణప్ప.

నారాయణప్పది బాగేపల్లి అవతల ఒక పల్లె. తాతల నాటి పొలమున్న రైతు కుటుంబం. చిక్కబళ్ళాపురంలో శెనక్కాయల అంగడి పెట్టాలని లైసెన్సు కోసం మా కచేరికి వచ్చాడు. పని అయిపోయాక కూడా వెళ్ళకుండా నిలబడి, తలపాగా సర్దుకుని అడిగాడు.

"సామీ, మీరు దినామూ వీధులన్నీ తిరుగుతాంటారు గదా. పిల్లాజెల్లాతో ఉండేదానికి యాడ బాగుండాది?"

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ ప్రశ్న కోసం నేను ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నానో అతనికేం తెలుసు!

అంగడి పైకి చెప్పే కారణం మాత్రమేనని మాటల్లో తెలిసింది. అతని కూతురు రత్నకు పదకొండేళ్ళు. పల్లె బడిలో ఉన్న తరగతులన్నీ చదివేసింది. చిక్కబళ్ళాపురంలో ఆడపిల్లల మిడిల్ స్కూలుంది. "మా అమ్మ అక్కయ్యమ్మ ఒక షరతు పెట్టింది సామీ," అన్నాడు. "తనకి ఒప్పిన ఇల్లు దొరికితే సరే. దొరకలేదంటే బండి వెనక్కి తిప్పేసి, మాఘమాసంలో మా మేనమామ మనవడికిచ్చి పిల్లకి పెండ్లి చేసేస్తుందంట." పదకొండేళ్ళ పిల్లకు పెళ్ళి! నా కోపం గురించి పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. అతనికీ ఇష్టం లేదు. కాని తల్లి మాట దాటే మనిషి కాడు.

అప్పట్లో అద్దెకు దొరికే మంచి ఇళ్ళు రెండే ఉన్నాయి. ఒకటి పాత పేటలో, సత్రం పక్కన. తూర్పు వాకిలి, చెక్కిన గుమ్మం, ఇరుగుపొరుగున పేరున్న కుటుంబాలు. పురోహితుడు బ్రహ్మాండమన్న ఇల్లు అది. రెండోది ఎక్స్‌టెన్షన్‌లో. ఊరు పెరిగినప్పుడు పురసభవారు బయట కొలతలు వేసి, వీధులు గీసి, స్థలాలు పంచిన భాగాన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. విశాలమైన వీధులు, రాతి కాలువలు, ఇళ్ళ వెనక కన్సర్వెన్సీ లేన్, అంటే పాకీపనివాళ్ళు రావడానికి విడిచిన సందు. అన్నీ ఉన్నాయి, మనుషులే లేరు. ఒకప్పుడు ప్లేగు వచ్చినప్పుడు ఊరు ఖాళీ చేసి ఆ మైదానంలోనే షెడ్లు వేసుకున్నారు. అందుకని అక్కడ దయ్యాలున్నాయని పుకారు. పైగా ఆ ఇంటి వాకిలి దక్షిణానికి.

నేను నారాయణప్పను పేట వీధికి తీసుకుపోయి స్ప్లీన్ టెస్ట్ చేసి చూపించాను. పిల్లల్ని నిలబెట్టి ఎడమ డొక్క కింద వేళ్ళతో నొక్కి చూడడమే ఆ పరీక్ష. మలేరియా మాటిమాటికీ వచ్చే చోట పిల్లలకు ప్లీహం వాచి గట్టిగా చేతికి తగులుతుంది. ఆ వీధిలో ప్లీహం చేతికి తగలని పిల్లవాడి కోసం వెతుక్కోవలసి వచ్చింది. నారాయణప్ప ముఖం వాడిపోయింది. "మా రత్నని ఈడ పెట్టను సామీ," అన్నాడు.

వారం తిరక్కముందే బండి కట్టుకుని, వెనక ఆవును నడిపించుకుంటూ తల్లినీ కూతుర్నీ తీసుకొచ్చి సత్రంలో దింపాడు. ఇల్లు కుదిరాక భార్యనూ చిన్నపిల్లల్నీ పిలిపించుకుంటాడట. ఆ మధ్యాహ్నం నేను గాజు గ్లాసుతో సత్రానికి వెళ్ళాను.

అక్కయ్యమ్మ సన్నగా, నిటారుగా, చెవులకు పెద్ద కమ్మలతో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. గ్లాసు ఆమె చేతికిచ్చాను.

"చూడమ్మా, ఇవి పేట ఇంటి బావి నీళ్ళు. నీళ్ళ మీద సన్నపుల్లల్లా అడ్డంగా పడుకుని ఉన్నవి లార్వాలు, అంటే దోమ పిల్లలు. తలకిందులుగా వేలాడేవి వేరే జాతి. ఇలా అడ్డంగా పడుకునేవే చలిజ్వరం తెచ్చేవి."

ఆమె గ్లాసును వెలుతురుకు పట్టి చూసింది. "బాగా ఈదుతాండాయి. మా ఊరి బాయిలో వీటికంటే పెద్దవే ఉండాయప్పా. గుడ్డేసి వడగట్టుకుంటే సరిపోతాది."

"తాగితే రాదమ్మా జ్వరం. రెక్కలొచ్చి కుడితే వస్తుంది."

"రెక్కలు రానీ. అప్పుడు చూసుకుందాం."

రత్న జడ కొస నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను నవ్వలేదు. ఎక్స్‌టెన్షన్ మాట ఎత్తాను.

"దక్షిణం యముడి దిక్కు," అంది అక్కయ్యమ్మ. "పైగా ఆ మైదానంలో పండుకుంటే గుండెల మీద ఎక్కి కూర్చుంటాయంట."

"ఏవి కూర్చుంటాయమ్మా?"

"పొద్దు గూకే వేళ వాటి పేరెత్తరాదు."

"ఇప్పుడు మధ్యాహ్నం కదమ్మా!"

"మధ్యాన్నం గూడా మంచిది కాదు."

ఇక నేను ఆగలేదు. ప్లేగుతో మనుషులు చచ్చింది ఎలుకలు చచ్చిపడిన ఇళ్ళలో అనీ, అంటే ఇదే పేటలో అనీ, మైదానానికి లేచిపోయినవాళ్ళే ఎక్కువమంది బతికి బయటపడ్డారనీ చెప్పాను. దయ్యాలుంటే అవి పేటలో ఉండాలి కాని బతికినవాళ్ళు ఉన్న చోట ఎందుకుంటాయని అడిగాను. కులాసాగా మొదలుపెట్టినవాణ్ణి సభలో మాట్లాడినట్టు గొంతు పెంచేశాను. సత్రం పూజారి కూడా వచ్చి విన్నాడు.

అక్కయ్యమ్మ చివరిదాకా శ్రద్ధగా విని, "హరికథ చెప్పేవాళ్ళకి గూడా ఇంత గొంతు లేదప్పా," అంది. "అయినా మాకు తూర్పు వాకిలే కావాల."

"పేట ఇల్లు వద్దమ్మా," అన్నాడు నారాయణప్ప నేల చూస్తూ. తల్లికి ఎదురు చెప్పడం అతనికి అదే మొదలేమో.

"అట్లయితే సరే. రేపు పొద్దున్నే ఎద్దులు కట్టు."

రత్న ముఖంలోంచి నవ్వు పోయింది. పేట ఇంటిని నేను పాడుచేశాను, మైదానాన్ని ఆమె పాడుచేసింది. మిగిలింది వెనక్కిపోయే దారి, మాఘమాసంలో పెళ్ళి.

పొద్దు గూకే వేళ తనిఖీ ముగించుకుని సత్రం ముందు నుంచి వస్తున్నాను. అక్కయ్యమ్మ చేతిలో ఖాళీ గిన్నెతో వీధిలో నిలబడి ఉంది. వెనక రత్న, గుడ్డ చుట్టిన పాలచెంబు పట్టుకుని ఉంది.

సంగతేమిటంటే, దారిలో బండి గుంతలో పడి పెరుగు కుండ పగిలిపోయింది. సాయంకాలం ఆవు పాలు పిండి కాచారు. తోడుపెట్టడానికి చేమిరి లేదు. పాలు పెరుగు కావడానికి కలిపే చెంచాడు పాత పెరుగును అక్కడివాళ్ళు చేమిరి అంటారు. పేట వీధిలో మూడిళ్ళు అడిగింది. "దీపం పెట్టినాక పెరుగు బయటికియ్యము, లక్ష్మి పోతాది, పొద్దున రాండమ్మా," అన్నారట మూడిళ్ళవాళ్ళూ.

"చూశారా! చెంచాడు పెరుగులో పారిపోయే లక్ష్మి ఉంటేనేం, పోతేనేం?" అన్నాను మండిపడుతూ.

"వాళ్ళని అనకప్పా. నేనైనా ఇయ్యను," అంది అక్కయ్యమ్మ నిజాయితీగా. తర్వాత గొంతు తగ్గించి అంది. "కొత్త ఊళ్ళో మొదటి దినం పిండిన పాలు తెల్లారేసరికి పెరుగు కావాల. కాకపోతే ఆ ఊరు మనకి ఒప్పదని మా అత్త చెప్పేది. ఇంగ ఈ ఊళ్ళో ఇల్లు చూసే పనే లేదు." పొద్దున్నే ఎద్దులు కట్టమన్న మనిషి ఇంకా ఆశ వదులుకోలేదన్నమాట.

నాకు చెప్పడానికి చాలా ఉంది. కాని నా ఉపన్యాసం అయ్యేదాకా పాలు వెచ్చగా ఉండవు. "రండమ్మా, పెరుగు ఇప్పిస్తాను," అని ముందు నడిచాను.

ఎక్స్‌టెన్షన్‌లో ఉన్న కొద్దిమందిలో ఎస్తేరమ్మ ఒకరు. సర్కారు ఆస్పత్రిలో మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేసే నర్సు. ఒంటరి మనిషి, ఒక గేదె. మేం వెళ్ళేసరికి తెల్లచీర కట్టుకుని, తోలుసంచి పట్టుకుని డ్యూటీకి బయలుదేరుతోంది. సంగతి చెప్పగానే సంచి కింద పెట్టి లోపలికి పోయి పెరుగు తెచ్చింది.

అక్కయ్యమ్మ గిన్నె చాచలేదు. "దీపం పెట్టినారు గదమ్మా మీరు?"

"పెడితే ఏమాయె? బిడ్డలు దీపం పెట్టినాక పుట్టేది మానుకుంటాండారా? వాళ్ళకి లేని పట్టింపు పెరుగుకెందుకమ్మా!"

అక్కయ్యమ్మ పెదవి కొంచెం కదిలింది. అయినా అడగవలసింది అడగనే అడిగింది. "మీదే కులమమ్మా?"

"ఆస్పత్రి కులం," అంది ఎస్తేరమ్మ నవ్వుతూ. "అన్ని కులాల బిడ్డల్నీ వాళ్ళమ్మ కంటే ముందు నేనే ఎత్తుకుంటాను."

గోడ మీది శిలువను అక్కయ్యమ్మ చూసింది. గిన్నె ఇంకా చాచలేదు. నేను నోరు తెరవబోయి, నా జన్మలో మొదటిసారి మూసుకున్నాను. అప్పుడు రత్న చెంబుకు చేయి ఆనించి చూసి, "అవ్వా, పాలు ఆరిపోతాండాయి!" అని కేక వేసింది. ఆ కేక పాల కోసం వేసింది కాదని అందరికీ తెలుసు.

అక్కయ్యమ్మ గిన్నె చాచింది.

అంతలో ఇంకో చిక్కు. సత్రందాకా తీసుకుపోతే పాలు చల్లారిపోతాయి. ఇక్కడే చేమిరి కలిపి మోసుకుపోతే కుదుపుకు పెరుగు విరిగి నీళ్ళు తేలుతుంది. తోడుపెట్టిన పాలను కదపకూడదని ఇంట్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. "పక్కింటి బీగం చెవి నా దగ్గరే ఉండాది," అని తాళంచెవి తీసిచ్చి, ఎస్తేరమ్మ సంచి పట్టుకుని వెళ్ళిపోయింది.

పక్కిల్లంటే ఆ దక్షిణపు వాకిలి ఇల్లే. అక్కయ్యమ్మ గడప దగ్గర ఒక్క క్షణం నిలిచి, కుడికాలు ముందుపెట్టి లోపలికి పోయింది. వంటింటి మూల చెంబు పెట్టి, వేలు ముంచి వేడి చూసి, చేమిరి కలిపి మూతపెట్టింది.

"ఇక పోదామా అమ్మా?" అన్నాను.

"యాడికప్పా? పిల్లి మూతి పెడితే? ఈడనే పండుకుంటాము. మా నారాయణప్పని చాపలు తెమ్మని చెప్పు."

"మరి ఆ గుండెల మీద కూర్చునేవి..."

"ఊరుకోప్పా! పాలు తోడుకునే దగ్గర గట్టిగా మాట్లాడరాదు."

మర్నాడు తెల్లారుతూనే సైకిలెక్కాను. చదువుకునే రోజుల్లో పరీక్ష ఫలితాల కోసం కూడా నాకు అంత ఆత్రం కలగలేదు. అక్కయ్యమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. నన్ను చూడగానే చెంబు ఎత్తి బోర్లించింది. చుక్క కింద పడలేదు.

"చూడప్పా, ఎట్లా గట్టిపడిందో!"

"రాత్రి ఎవరైనా గుండెల మీద కూర్చున్నారా?"

"కూర్చోకేం. ఈ పిల్ల! నిద్దట్లో కాలెత్తి నా మీద ఏసింది. ఇంగ దయ్యానికి చోటు యాడుండాది?" అంది. తర్వాత తనే చెప్పింది. "సత్రంలో మధ్యాన్నం కునుకు తీస్తేనే దోమలు పీకినాయి. ఈడ రాత్రంతా ఒక్కటి రాలేదు. దక్షిణం నుంచి గాలి కొడతాండాది. మంచి వాకిలప్పా."

నారాయణప్ప ఎద్దులను కట్టడానికి బదులు మేతకు వదిలాడు. అదే వారం రత్న స్కూల్లో చేరింది.

మా చర్చాగోష్ఠి మిత్రులకు ఈ కథ చెబితే నన్ను ఏకిపారేశారు. "ఆమె శకునం నమ్మి ఒప్పుకుంది, నీ లార్వాలను నమ్మి కాదు. మూఢనమ్మకానికి నువ్వే పెరుగు తెచ్చిపెట్టావు," అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆమె ఒక రాత్రి ఆ ఇంట్లో పడుకుంది. దోమలు ఎక్కడున్నాయో, ఎక్కడ లేవో తన ఒంటితో చూసుకుంది. దయ్యం రాలేదని తన కళ్ళతో చూసింది. ప్రయోగమంటే ఇంతకంటే ఏమిటి? నేను మధ్యాహ్నమంతా అరిచి ఆమెను ఆ గడప దాటించలేకపోయాను. పొరుగింటి మనిషి తలుపు తీసి దాటించింది.

ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్ నిండింది. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి చేమిరి అక్కయ్యమ్మ ఇంటినుంచే. ఆ వీధిలో ఏ కులం ఇంట్లో మజ్జిగ తాగినా దాని మూలం ఎస్తేరమ్మ గేదె దగ్గరికే పోతుంది. ఈ సంగతి నేను గట్టిగా చెప్పినప్పుడల్లా కొందరు ముఖం చిట్లించేవాళ్ళు, మజ్జిగ మాత్రం వదిలేవాళ్ళు కారు.

ఈ కేసు నాకు నేర్పినదాన్ని నా దగ్గరికి వచ్చి అడిగే అందరికీ చెబుతుంటాను. ఇల్లు తీసుకునే ముందు కాలువ వాలు చూడండి, బావి నీళ్ళు గ్లాసులో పోసి చూడండి, వీధి పిల్లల డొక్కలు చూడండి. పెరుగు దోమను చంపదు కనక వీటిలో ఏదీ వదలకండి. అవన్నీ అయ్యాక, దీపాలు పెట్టిన తర్వాత ఒక ఖాళీ గిన్నె పట్టుకుని ఆ వీధిలోకి వెళ్ళండి.

బదిలీ మీద ఊరు విడిచే ముందురోజు సాయంకాలం వాళ్ళకు చెప్పి పోదామని వెళ్ళాను. హైస్కూల్లో చదువుతున్న రత్న దీపం ముందు లెక్కలు చేసుకుంటోంది. గుడిబండె నుంచి ఆ రోజే దిగిన ఎవరో ఇల్లాలు గిన్నె పట్టుకుని గడప బయట తటపటాయిస్తోంది. "దీపం పెట్టేసినారే, పొద్దున వస్తాలెండమ్మా," అంటోంది.

అక్కయ్యమ్మ చేతిలో పెరుగు గరిటెతో లోపలినుంచి వచ్చింది.

"పెడితే ఏమాయె? బిడ్డలు దీపం పెట్టినాక పుట్టేది మానుకుంటాండారా? పాలు ఆరిపోతాయి, గిన్నె ఇట్లా తేమ్మా!"