రత్నమక్క గది ఊడవనిచ్చేది కాదు

నిన్న పొద్దున్న ఫోన్ మోగింది. రత్నమక్క నంబర్.

"ఏటక్కా, ఇంత పొద్దున్నే" అన్నాను నవ్వుతూ.

అవతల వాళ్ళ తమ్ముడు. "అక్క ఎల్లిపోనాది, గౌరమ్మా" అన్నాడు.

ఛాతీలో నొప్పి అందట. శ్రీకాకుళం తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

నేను స్కూల్‌కి వెళ్ళడానికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. ఆ మాట విన్నాక కూడా వాటిని సర్దుతూనే ఉన్నాను. బుర్ర పనిచెయ్యలేదు.

రాజాం నుంచి సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళ ఊరు చేరేసరికి అందరూ వచ్చేశారు. చూశాను. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు.

మధ్యాహ్నం ఆమెని తీసుకెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, ఆమె మరదలు చీపురు పట్టుకుని ఇల్లు ఊడవడం మొదలుపెట్టింది. వెనకాలే ఇంకొకావిడ బకెట్‌తో నీళ్ళు తెచ్చింది.

తప్పేం కాదు. శవం లేచాక ఎవరింట్లోనైనా చేసేదే. మా ఇంట్లోనూ చేశాం.

కానీ నాకు ఆ చీపురు లాక్కోవాలనిపించింది.

అప్పుడొచ్చింది ఏడుపు. ఎందుకేడుస్తున్నానో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలీదు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను కొన్నాళ్ళు ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో పనిచేశానని మీలో కొందరికి తెలుసు. మన తీరంలో ఓ ప్లాంట్ కడుతున్నప్పుడు ఫారిన్ ఇంజనీర్లు ఫ్యామిలీలతో వచ్చి ఉన్నారు. వాళ్ళ పిల్లల కోసం కాలనీలోనే పెట్టిన చిన్న స్కూలు అది. కొరియా, జర్మనీ, బ్రెజిల్ పిల్లలు. అంతా ఇంగ్లీషే.

టీచర్లలో లోకల్ వాళ్ళం ఇద్దరమే. నేనూ, రత్నమక్కా. అసలు పేరు నూకరత్నం. పిల్లలకి మిస్ రత్నా. చేపల వ్యాపారం చేసే ఇంట్లోంచి బీఎడ్ దాకా వచ్చిన మనిషి. గొంతు మాత్రం సంతలోదే.

ఆ స్కూల్లో పిల్లలెవరూ ఎక్కువకాలం ఉండరు. నాన్న పని అయిపోతే సామాను సర్దేస్తారు. ఇవాళ పక్క సీట్లో ఉన్న ఫ్రెండ్ రేపు ఉండడు.

యూనా అని కొరియా పిల్ల ఉండేది. ఏడేళ్ళు. మన దేశం దానికి మూడోది. చేరిన కొత్తలో స్కూల్ బ్యాగ్ భుజం మీంచి దించేది కాదు. అన్నం తిన్నా, ఆడుకున్నా అలాగే. ఎందుకని అడిగితే, మళ్ళీ వెళ్ళిపోవాలి కదా అంది.

ఆ మాటకి రత్నమక్క బాత్రూమ్‌లోకెళ్ళి ఏడ్చి వచ్చింది. బయటికొచ్చి నన్నే తిట్టింది, ఏటే అలా సూస్తన్నావు అని.

ఆవిడకి ఒక రూల్ ఉండేది.

ఎవరైనా పిల్లలు దేశం వదిలి బయల్దేరితే ఆ క్లాస్‌రూమ్ ఊడవకూడదు. చేరామని వాళ్ళమ్మ దగ్గర్నుంచి మెసేజ్ రావాలి. అది మిగతా పిల్లలందరికీ చదివి వినిపించాలి. అప్పుడే చీపురు. అంతవరకూ పెన్సిల్ పొట్టూ, బిస్కెట్ ముక్కలూ ఎక్కడివక్కడే.

ఓసారి స్కూల్ చూడ్డానికి పైనుంచి టీమ్ వస్తోంది. ముందు రోజే జర్మనీ బాబొకడు బయల్దేరాడు, ఇంకా చేరలేదు. ప్రిన్సిపాల్ ఐర్లాండ్ ఆయన. పరుగున వచ్చి గది క్లీన్ చేయించమన్నారు.

రత్నమక్క గదికి తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసి, ఆ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుంది. పాపం, ఆయన ఏం చెయ్యగలరు? క్లాస్ వరండాలోనే నడిచింది. వచ్చినవాళ్ళు అవుట్‌డోర్ లెర్నింగ్ చాలా బాగుందని మెచ్చుకుని వెళ్ళారు.

ఎందుకక్కా ఈ మొండితనం అని ఆ రోజు అడిగాను.

"మా అయ్య ఏటకెల్తే, బోటు ఒడ్డుకొచ్చీదాకా మాయమ్మ సీపురు ముట్టీది కాదే. ఎల్లినోల్ల కోసం ఎనకాల ఎవులో ఒకలు సూస్తంటారని ఈ పిల్లలికి తెలవాల."

కొన్నాళ్ళకి యూనా బ్యాగ్ దించింది. గోడకి కొట్టిన మేకుకి తనే తగిలించుకునేది.

ప్లాంట్ పని అయిపోయింది. ఒక్కో ఫ్యామిలీ వెళ్ళిపోయింది. యూనా వెళ్ళింది. చివరికి ప్రిన్సిపాల్ గారూ వెళ్ళారు. ఇంటికి చేరానని ఆయన కూడా రత్నమక్కకి మెసేజ్ పెట్టారు. స్కూలు మూసేశారు.

నేను రాజాంలో వేరే స్కూల్లో చేరాను. ఆవిడ ఊళ్ళోనే ట్యూషన్లు చెప్పుకుంది. ఆదివారం ఆదివారం ఫోన్లు.

ఆ స్కూల్ సంగతులు చెప్పబోతే మా ఇంట్లో టీవీ సౌండ్ పెంచుతారు. ఆ పిల్లల పేర్లు చెబితే మొహాలు గుర్తొచ్చే మనిషి ఈ చుట్టుపక్కల నాకు ఆవిడొక్కతే. ఇక ఎవరితో తలుచుకోవాలో తెలీడం లేదు. చాలా ఒంటరిగా ఉంది.

నిన్న తిరిగొస్తూ బస్సులో కూర్చుని పాత పేరెంట్స్ గ్రూప్ తీశాను. టైప్ చెయ్యడానికి చేతులు రాలేదు. కానీ నేను చెప్పకపోతే ఆ పిల్లలకి చెప్పేవాళ్ళే లేరు. పెట్టాను.

దండం ఎమోజీలు కొన్ని వచ్చాయి.

తర్వాత యూనా నుంచి విడిగా ఒక మెసేజ్, వాళ్ళమ్మ గ్రూప్‌లో చూసి చెప్పిందట. ఇప్పుడు కాలేజీ పిల్ల. ఏ దేశంలో ఉందో కూడా నాకు తెలీదు.

మిస్ రత్నా ఇంకా చేరి ఉండరు, ఇవాళ వాళ్ళ ఇల్లు ఎవరూ ఊడవకుండా చూడండి ప్లీజ్ అని రాసింది.

రత్నమక్క ఆ పిల్లలకి సగమే నేర్పింది. పోయినవాళ్ళ ఇల్లు వెంటనే ఊడ్చేస్తారన్న మిగతా సగం ఎప్పుడూ చెప్పలేదు.

వాళ్ళు ఇల్లు కడిగిన నీళ్ళకి నా చీర అంచు అప్పటికింకా తడిగానే ఉంది.

ఊడవలేదమ్మా, ఎవరినీ ఊడవనివ్వలేదు అని జవాబిచ్చాను.

జాగ్రత్తగా వెళ్ళు అక్కా. నువ్వు చేరేచోట నీకు శాంతి ఉండాలి.