నేల తాకని పాదాలు

2022 వేసవి. పలాసలో నా ఫిజియోథెరపీ గదికి ఉద్దానం పల్లె నుంచి ఒక నానమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. ఏడాదిన్నర పిల్లాడు. బొద్దుగా ఉన్నాడు గానీ నిలబెడితే కాళ్ళు ముడిచేస్తున్నాడు. పిల్లల డాక్టరు అన్నీ చూసి, లోపమేమీ లేదు, వ్యాయామం చేయించమని పంపారు.

అప్పటికి నేను ట్వీనా నేర్చుకున్నాను. పసివాళ్ళకు చేసే చైనా మర్దన అది. ఆ వైద్యంలో ఎముకల బలమంతా కిడ్నీలదే. నడక ఆలస్యమైతే ముందు వాటినే తలుచుకుంటారు. ఇంటింటా కిడ్నీ జబ్బుతో పోతున్న ఉద్దానం వాళ్ళ ముందు ఆ మాట ఎలా అనను? ఈ పిల్లాడి తాతే డయాలసిస్ మీద ఉన్నాడు. పిల్లాడి పాదాలు పట్టుకుని చూశాను. వెన్నముద్దల్లా ఉన్నాయి.

"ఎప్పుడైనా నేల మీద దించారా, అమ్మా?"

"అమ్మో, దింపుతానా! ఆ నేల మీద తిరిగే గదా మా ఆయనకి కిడ్నీలు పోయాయి. ఈడికి కూడా కాళ్ళలోంచి ఎక్కేత్తే ఏటి సేత్తాను, డాట్రమ్మా?"

నేను డాక్టర్ని కానని వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి విసుగొచ్చి మానేశాను. కోపం రాబోయి ఆగింది. ఆ జబ్బు ఎందుకొస్తోందో చదువుకున్నవాళ్ళే తేల్చలేదు, ఆవిడ నేలను అనుమానించడంలో వింతేముంది? నేల తగిలితే కిడ్నీలు పోవని డాక్టరుగారి చేత ఫోన్‌లో చెప్పించాను. ఊఁ కొట్టింది గానీ పిల్లాణ్ణి చంక దించలేదు.

మర్నాడు వాళ్ళ జీడితోటకు నేనే వెళ్ళాను. తాత మంచం మీద ఉన్నాడు. పిల్లాడి అరికాలి గుంట నొక్కుతూ, అనకూడదనుకున్న మాటే అనేశాను. చైనావాళ్ళు దీన్ని ఉబికే ఊట అంటారు, కిడ్నీల దారి ఇక్కడే మొదలవుతుందట, నేల తగిలేచోటే బలం పుడుతుందట. నిజమో కాదో నాకు తెలియదని కూడా చెప్పాను.

తాత లేచాడు. "ఇలా తే ఆడ్ని. నా రోగం నాతోనే పోతాది."

పిల్లాణ్ణి తడి ఇసుకలో నిలబెట్టాడు. నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. అంతలో ఏడుపాపి కిందికి చూశాడు. కాలివేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుని ఇసుకను పట్టుకున్నాయి. సూదులతో ఉబ్బిన తాత చేతిని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్ళ వృత్తిలో అంత అద్భుతం నేను చూడలేదు.

వానలు పడేసరికి నడిచాడు. ఊట మహిమో, వ్యాయామమో, నడిచే వయసు రావడమో చెప్పలేను. ఇప్పుడు నడక రాని పిల్లలెవరొచ్చినా, ఎత్తుకొచ్చినవాళ్ళ భయమేమిటో ముందు అడుగుతాను.

ఆ చలికాలం తాత పోయాడు. కొన్నాళ్ళకు నానమ్మ వాణ్ణి నా గదికి నడిపించుకుని వచ్చింది. గుమ్మంలో వాడి పాదాలకంటిన తోట ఇసుక దులపబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ, డాట్రమ్మా. ఆల తాత ఆ ఇసకలోనే ఉన్నాడు."