కంచె వెనక గుర్రం

ఎమిల్ క్రౌస్ కొత్త కాగితాన్ని బల్ల మేకులకు తగిలించి, అడుగున దీపం వెలుగులో కనబడుతున్న కింది కాగితం మీది పాత గీతను చూసుకుంటూ, గుర్రం వెనక కాలిని వెంట్రుకవాసి ముందుకు గీశాడు. గిట్ట నేలకు ఆనాక ఒంటి బరువు దాని మీదికి రావాలి. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. బ్రాంక్స్‌లో గుర్రాలు లాగే పాలబండ్ల మీద పేర్లు రాసే రోజుల్లో, రంగు ఆరేదాకా గుర్రాల కాళ్ల దగ్గరే కూర్చునేవాడు.

కాగితం మీది బొమ్మల్ని సినిమా తెర మీద కదిలించే ఈ కార్టూన్ల కంపెనీ యజమాని హార్లన్ పింక్నీ. పత్రికల్లో బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి. ప్రతి కార్టూన్‌కూ ముందు ఆ పేరే తెరంతా పరుచుకుంటుంది. పెన్సిల్ మాత్రం విలేకరులు ఫొటో తీసేటప్పుడే ముట్టుకుంటాడు. నడక గీయడం చేతకాదు గనక కాళ్లు కనబడకుండా అన్నిటికీ కంచె అడ్డం పెట్టమంటాడు. కుక్కకు కంచె, దొంగకు కంచె, పెళ్లికూతురికి గడ్డివాము. ఒక్క కాగితం మీద కంచె గీసి బొమ్మలన్నిటి మీదా కప్పితే సరి. దాన్నే తను కనిపెట్టిన శాస్త్రంలా చెప్పుకుంటాడు.

మధ్యాహ్నం పింక్నీ చుట్ట కంపుతో వచ్చి బల్ల మీదికి వంగాడు.

“ఏమయ్యా క్రౌస్, ఇంకా ఆ కాళ్లేనా? ఐదు సెంట్లిచ్చి వచ్చినవాడు మొహం చూస్తాడు గానీ గిట్టలు చూస్తాడా?”

“కాళ్లు కనబడకపోతే అది నడవదు సార్, జారుతుంది.”

“జారితే నవ్వుతారు. వాళ్లొచ్చిందే అందుకు.”

కంచె కాగితం బల్ల మీద పడేసి, ఇష్టం లేకపోతే మళ్లీ పాలబండ్లకు రంగు వేసుకోమని చెప్పి వెళ్లాడు. ఎమిల్‌కు ఆ దారి కొత్త కాదు. అతని బాధ వేరే. కెమెరాలో పడి తెర మీదికి వస్తే తప్ప తన గుర్రం నడుస్తుందో లేదో తనకూ తెలియదు. కంచె కప్పితే ఎప్పటికీ తెలియదు.

చివరి గిట్ట పూర్తిచేసి, కట్ట అంచులు సర్దుకుని, కెమెరా గదికి వెళ్లాడు. కెమెరామన్ గీనో కాగితాలు తిరగేశాడు.

“కంచె ఏదిరా?”

“రొట్టె, సాసేజ్ అందులో చుట్టుకున్నా.”

“పింక్నీ చూస్తే?”

“ఆయన తన పేరు చూసుకుని మురిసేసరికి గుర్రం వీధి దాటిపోతుంది.”

గీనో చేతులు తుడుచుకుని చాచాడు. ఎమిల్ కట్ట అందించాడు.