ఇద్దరు రామసాములు, ఒకే ఖాతా పేరు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, తమిళనాడు రాజపాళయంలోని మా నూలు మిల్లులో నా పేరిట ఒక ఆఫీసు ఆర్డరు వచ్చింది. అప్పటికి నా హోదా సిస్టమ్స్ ఆఫీసర్. మిల్లులో ఉన్న అరవై కంప్యూటర్లలో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసి కొత్తది వేయాలి, అన్నింటినీ ఒకే సర్వర్ కిందికి తేవాలి, మనిషికొక యూజర్ ఖాతా ఇవ్వాలి. గడువు ఆరు వారాలు.

అంతవరకు మిల్లంతటికీ ఖాతా ఒక్కటే. దాని పేరు ‘మిల్’, పాస్‌వర్డూ అదే. ఎవరు ఏ ఫైలు మార్చారో తెలిసే దారి లేదు. సర్జికల్ గుడ్డ నేసే ఒక కొత్త కొనుగోలుదారు ఈ లోపాన్ని పట్టుకున్నాడు. నూలు బలం పరీక్షించిన ప్రతి రిపోర్టు కిందా ఆ పరీక్ష చేసిన మనిషి ఖాతా పేరు ఉండాలని, మే నెలలో తన ఆడిటర్లు వచ్చి చూస్తారని, అలా లేకపోతే మా నూలు తీసుకోనని రాశాడు.

ఖాతా పేర్లకు నేనొక నియమం రాసుకున్నాను. మా వైపు ఇంటిపేరు రాసుకోం. తండ్రి పేరులో మొదటి అక్షరాన్ని ముందు పెట్టుకుంటాం. కాబట్టి ఆ అక్షరం, చుక్క, పేరు. రాజా, నాయుడు వంటి చివరి మాటలు వద్దనుకున్నాను. రాజా అని చేర్చడం మొదలుపెడితే సగం ఆఫీసుకు చేర్చాలి. ఒకే పేరు ఇద్దరికి వస్తే, తర్వాత ఖాతా తీసుకున్నవారి పేరు చివర 2 పెట్టాలి. దీని మీద జనరల్ మేనేజర్ సంతకం కూడా తీసుకున్నాను.

ఆడిట్ ల్యాబ్‌కే గనుక మొదటి ఖాతాలు ల్యాబ్‌వాళ్లకు ఇచ్చాను. అక్కడ నూలు పరీక్షించే రామసామి తళవాయిపురం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. అతని ఖాతా ‘పి.రామసామి’. తొలి రిపోర్టు ప్రింటరులోంచి రాగానే దాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు.

“అక్కా, ఇరవై ఏండ్లుగా టెస్ట్ చేస్తా ఉండాను. నా పేరు వచ్చింది ఇదే ఫస్టు. దీన్ని ఇంటికి ఎత్తుకొని పోవచ్చునా?” అన్నాడు.

రిపోర్టు బయటికి పోకూడదని చెప్పి, తెల్లకాగితం మీద అతని పేరొక్కటే పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇచ్చాను.

రెండు వారాల తర్వాత మేనేజర్ల వంతు వచ్చింది. వర్క్స్ మేనేజర్‌ను అందరూ రాజా సార్ అనేవారు. రికార్డులో ఆయన పేరూ పి. రామసామే. కొత్త కంప్యూటరు తెరవగానే ‘పి.రామసామి2’ అని కనిపించింది. వెంటనే నన్ను పిలిపించారు.

“ఏమ్మా, ముప్పై ఏండ్లుగా ఈ మిల్లులో ఉండాను. నేను రెండా? అప్పో ఒకటి ఎవరు?”

ల్యాబ్ రామసామి అని చెప్పాను. ఇద్దరి పేర్లూ అటూ ఇటూ మార్చేయమన్నారు. ఏటా నా పనితీరు మీద రహస్య నివేదిక రాసేది ఆయనే. ఆలోచించి చెబుతానని బయటికి వచ్చాను.

పేరు మార్చడం నిమిషం పని. సర్వర్ మనిషిని పేరుతో గుర్తుపట్టదు. ఖాతా తెరిచినప్పుడు తానే ఇచ్చిన ఒక పొడవాటి సంఖ్యతో గుర్తుపడుతుంది. అధికారాలన్నీ ఆ సంఖ్యకే అంటుకుని ఉంటాయి. చిక్కంతా రిపోర్టుల్లో ఉంది. వాటి కింద అచ్చయింది సంఖ్య కాదు, పేరే. ఆ పేరును రాజా సార్‌కు ఇస్తే రెండు వారాల పరీక్షలు ఆయన చేసినట్టవుతుంది.

ఈలోగా సంగతి విని రామసామి నా గదికి వచ్చాడు. “సార్‌కే ఇచ్చేయండక్కా. నాకు రెండు చాలు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, వెంటనే వెళ్లలేదు. ఇవ్వడం కుదరదని, ఎందుకు కుదరదో చెప్పి పంపాను.

తర్వాత రిపోర్టుల కట్ట తీసుకెళ్లి రాజా సార్ బల్ల మీద పెట్టి, జరగబోయేది వివరించాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశారు.

“అప్పో ఈ టెస్టులంతా నేను చేసినట్లు అయితాది.”

“అవును సార్. ఆడిటర్లు మిమ్మల్నే చేసి చూపించమంటారు.”

“నాకు ఆ మిషన్ ఆన్ చేసేదే తెలీదే” అని పెద్దగా నవ్వారు. “సెరి, రెండే ఉండనీ.”

మే నెలలో ఇద్దరు ఆడిటర్లు వచ్చారు. ఒక రిపోర్టు తీసి, ఈ పి.రామసామి ఎవరని అడిగారు. ల్యాబ్ రామసామి నోరు తెరిచేలోపే రాజా సార్ అతని భుజం మీద చెయ్యి వేసి, “ఈయన. నేను రెండో రామసామిని” అన్నారు. రామసామి నూలు కండె ఎక్కించి, పరీక్ష చేసి, తన ఖాతాలో అంకెలు ఎక్కించాడు. మేనేజరు వాటిని మార్చగలరా అని ఆడిటరు అడిగాడు. రాజా సార్ తన కంప్యూటరులో అదే రిపోర్టు తెరిచి ఒక అంకె దిద్దబోయారు. మేనేజర్లకు చదివే అనుమతి తప్ప మార్చే అనుమతి నేను ఇవ్వలేదు; కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆయన మళ్లీ ప్రయత్నించి, మళ్లీ కాకపోయేసరికి సంబరపడిపోయి, జనరల్ మేనేజర్‌ను కూడా పిలిచి చూపించారు.

ఆడిట్ పాసైంది. మర్నాడు క్యాంటీన్‌లో అందరికీ రవ్వ కేసరి పెట్టారు. అప్పటినుంచి రాజా సార్ ల్యాబ్‌కు ఫోన్ చేస్తే “రెండు మాట్లాడతా ఉండాను, ఒకటి ఉండాడా?” అనేవారు. ఆ ఏడు నా నివేదికలో ఆయన చెడుగా ఏమీ రాయలేదు.

ఖాతా పేరు ఉన్నది హోదా చెప్పడానికి కాదని, ఆ పని ఎవరు చేశారో చెప్పడానికని అప్పుడు నాకు స్పష్టమైంది. ఒకరి పనికి అంటుకున్న పేరును ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ తర్వాత చేరినవారికి ఉద్యోగి నంబరునే ఖాతా పేరుగా ఇచ్చాను. రిటైరైనవారి ఖాతాలను చెరిపేయకుండా మూసి మాత్రమే ఉంచాలని నియమంలో మరో వరుస చేర్చాను.